పరిశుద్ధాత్మ వచ్చాడా, వచ్చిందా?

సందేహం: వందనాలు మాస్టారూ. యేసు పరలోకానికి వెళ్ళిన ఆరోహణ పండుగ అయ్యాక, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ వరకు ఆ పది రోజులూ మా చర్చిలో సాయంత్రం పూట కూడుకుని బైబిల్లోని అపొస్తలుల కార్యాలు చదువుతాం, చదివిన భాగం మీద తలా నాలుగు మాటలు చెప్తాం. మొన్న నా వంతు వచ్చినప్పుడు "పరిశుద్ధాత్మ అంతియొకయ సంఘంతో మాట్లాడింది" అన్నాను. సంఘపెద్ద ఒకాయన ఆపి, అలా అనకూడదమ్మా ఆయన వస్తువు కాదు, మాట్లాడాడు అనాలి అన్నారు. ఇంటికొచ్చి మా బాబాయిని అడిగితే, ఆయన తెలుగు టీచరు, ఆత్మ అమహద్వాచకం, అంటే మగవాళ్ళని చెప్పే మాట కాదు కదా, క్రియ చివర డు ఎలా పెడతావ్ అన్నారు. ఇద్దర్లో ఎవరిది కరెక్టు? పండుగ బ్యానర్ మీద కూడా ఏం రాయాలో తేలట్లేదు. పరిశుద్ధాత్ముడు అని రాయొచ్చా?

సమాధానం: వందనాలమ్మా. మీ బాబాయి గారు చెప్పిన రూలు ఉన్నదే, కాకపోతే ఆయన అనుకున్నంత బిగువు దానికి లేదు. పెద్దాయన చెప్పిన మాటలో విశ్వాసం ఉంది, అది నాకు నచ్చింది, కానీ మిమ్మల్ని మధ్యలో ఆపాల్సినంత తప్పు మీరేం మాట్లాడలేదు.

ముందు వ్యాకరణం సంగతి చూద్దాం. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది, సంస్కృతంలో లాగా మాటకి పుట్టుకతో అంటుకుని ఉండదు. సంస్కృతంలో ఆత్మన్ శబ్దం పుల్లింగమే, వృక్షం కూడా పుల్లింగమే, అయినా మనం చెట్టు పడ్డాడు అంటామా, పడింది అనే అంటాం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, జంతువులు, జడాలు కానివి మహత్తులు (డు పెట్టదగ్గవి) అన్నాడు, అంటే అక్కడ లెక్కలోకి వచ్చేది ఆ మాట దేన్ని చెప్తోంది అన్నదే. అందుకే డాక్టర్ వచ్చాడు అంటాం, డాక్టర్ వచ్చింది అంటాం, మాట ఒకటే, వచ్చిన మనిషిని బట్టి క్రియ మారింది. ఆత్మ అంటే మామూలుగా మనిషిలోని జీవం, ప్రాణం లాంటిది కాబట్టి "ఆత్మ శాంతించింది" అనడం సహజం. అదే మాటతో ఒక విశ్వాసి త్రిత్వంలోని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) దేవుణ్ణి ఉద్దేశిస్తే అప్పుడు డు రావడాన్ని ఏ తెలుగు వ్యాకరణమూ అడ్డుకోదు.

ఇప్పుడు బైబిల్ దగ్గరికి వద్దాం, అసలు విషయం అక్కడే ఉంది. మీరు చదివిన అపొస్తలుల కార్యాలు 13వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ "వారితో చెప్పెను" అని ఉంటుంది, 10:44లో "పరిశుద్ధాత్మ దిగెను" అని ఉంటుంది. చెప్పెను, దిగెను అనేవి చూడండి, అతడు చెప్పెను, ఆమె చెప్పెను, అది చెప్పెను, ముగ్గురికీ ఒకటే రూపం! భవిష్యత్తు కూడా అంతే, నడిపించును, బోధించును, ఎవరికైనా సరిపోతుంది. పాత గ్రాంథికంలో ఏకవచనానికి ఈ సదుపాయం ఉండేది, అందువల్ల మన చర్చిల్లో ఎక్కువమంది చదివే పాత అనువాదంలో చాలా చోట్ల ఈ ప్రశ్నే పుట్టదు. మనం ఆ వాక్యాన్ని చదివి వాడుక భాషలో తిరిగి చెప్పబోతాం, అప్పుడు చెప్పెను కాస్తా చెప్పాడు అన్నా అవ్వాలి, చెప్పింది అన్నా అవ్వాలి, ఏకవచనంలో మూడో దారి లేదు. మొన్న సాయంత్రం మీకు వచ్చిన ఇబ్బంది ఇదే.

మరి ఆ అనువాదం చేసినవాళ్ళు తప్పించుకోలేని చోట ఏం చేశారు? వర్తమాన కాలంలో గ్రాంథికం కూడా లింగం చూపించాల్సిందే కదా. రోమా 8:16 తీయండి, "ఆత్మ తానే మన ఆత్మతో కూడ సాక్ష్యమిచ్చుచున్నాడు". ఇచ్చుచున్నది అనలేదు. 8:26లో మనకి ప్రార్థన చేయడం కూడా చేతకానప్పుడు ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో ఆ ఆత్మ తానే విజ్ఞాపనము "చేయుచున్నాడు". ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ డు దగ్గర మనసు ఆగిపోతుంది, మన తరఫున మూలిగేవాడు ఒకడున్నాడు అన్న ధైర్యమంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది. యోహాను 16:13లో అయితే "ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ" అని ముందు ఆయన అన్న తర్వాతే ఆత్మ అన్నారు. కానీ లూకా 4:18కి రండి, "ప్రభువు ఆత్మ నామీద ఉన్నది". అదే అనువాదం, అదే ఆత్మ, ఇక్కడ ఉన్నది! కాబట్టి మాట్లాడింది అన్నందుకు మిమ్మల్ని తప్పు పడితే లూకాలో ఈ వాక్యానికి కూడా జవాబు చెప్పాలి.

మూలంలో కూడా ఇలాగే ఉంది. గ్రీకులో ఆత్మకి ప్న్యూమా అనే మాట, అది నపుంసకం, యోహాను 14:17లో దానికి వాడిన సర్వనామమూ నపుంసకమే. ఆదరణకర్త అని మనం చదువుకునే, ఆత్మకే మరో పేరైన పరాక్లేటోస్ పుల్లింగం, 14:26లో దాంతో పుల్లింగ సర్వనామం వచ్చింది. హెబ్రీలో రూఅహ్ ఎక్కువగా స్త్రీలింగం. మూడు భాషల్లో మూడు దారులు, ఏ భాషవాళ్ళు ఆ భాష పద్ధతిలో చెప్పుకున్నారు. పెంతెకొస్తు రోజున జనం ఆశ్చర్యపోయింది కూడా "తాను పుట్టిన దేశపుభాషతో" వింటున్నామే అనే కదా, అందుకే పల్లెలో ఒక అమ్మమ్మ సాక్ష్యం చెప్తూ ఆత్మ నన్ను నడిపించింది అంటే దయచేసి ఎవరూ ఆపకండి, ఆవిడ పుట్టిన భాష అది.

నా సలహా అడిగితే, ఆత్మ మాట్లాడాడు, బోధించాడు, పంపాడు, ఆదరించాడు అని ఒక వ్యక్తి చేసే పనులు చెప్పేటప్పుడు డు వాడటమే మేలు, వినేవాళ్ళకి ఒక వ్యక్తి గురించి చెప్తున్నారని వెంటనే తెలుస్తుంది. మీరు చెప్పింది అంతియొకయ సంగతి, అక్కడ ఆత్మ "నేను" అని మాట్లాడతాడు, కాబట్టి ఆ చోటికి పెద్దాయన సవరణ బాగానే అతుకుతుంది. నా ఆత్మను కుమ్మరిస్తాను అన్న యోవేలు ప్రవక్త మాట చెప్పేటప్పుడు మాత్రం ఆత్మ కుమ్మరించబడింది అనండి, అక్కడ కుమ్మరించబడ్డాడు అంటే తెలుగు చెవికి అస్సలు బాగోదు.

పరిశుద్ధాత్ముడు అన్నది నేనైతే రాయను. మహాత్ముడు అంటే గొప్ప ఆత్మ కలవాడు, పాపాత్ముడు అంటే పాపపు ఆత్మ కలవాడు, ఆ లెక్కన పరిశుద్ధాత్ముడు అంటే పరిశుద్ధమైన ఆత్మ కలవాడు అవుతాడు, ఆ మాట ఒక భక్తుడికి కూడా చెల్లుతుంది. పాటల్లో ప్రార్థనల్లో బాగా నలిగింది కాబట్టి అనేవాళ్ళని అననివ్వండి. రాతలో పరిశుద్ధాత్మ దేవుడు అంటే డు కూడా వచ్చేస్తుంది, అర్థం కూడా చెడదు. కథోలికులు పవిత్రాత్మ అంటారు, వాళ్ళకీ ఇదే లెక్క.

ఇక బ్యానర్. "పెంతెకొస్తను పండుగ" అని బైబిల్లో ఉంది కదా అని చాలామంది పండుగ పేరే పెంతెకొస్తను అనుకుని "పెంతెకొస్తను శుభాకాంక్షలు" అని కొట్టిస్తున్నారు. అది పెంతెకొస్తు + అను, అంటే పెంతెకొస్తు అనే పండుగ. అపొస్తలుల కార్యాలు 20:16లో ఉత్త "పెంతెకొస్తు" అనే ఉంటుంది చూడండి. మీరు "పెంతెకొస్తు పండుగ" అని పైన పెద్దగా రాసి, కింద "పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినం" అని వేయించండి. దిగివచ్చిన అనేదాంట్లో డు లేదు, ది లేదు, పెద్దాయనా మీ బాబాయీ ఇద్దరూ సరే అంటారు.