సాగర్ మట్టం ఏ రోజు బాగా పడిపోయిందో తేదీ ఎలా తెలుసుకోవాలి?

మీ దగ్గర నాగార్జునసాగర్ రోజువారీ నీటిమట్టం ఎక్సెల్ షీట్ ఉంది. మిన్ ఫార్ములా వేస్తే అంకె వస్తోంది గానీ అది ఏ తేదీదో తెలియడం లేదు, ఏడాదికొకటి విడిగా కావాలి అన్నారు. నల్లగొండ జిల్లాలో ఎడమ కాలువ కింద మాకు పొలం ఉంది, ఏటా వేసవిలో ఈ లెక్క తీస్తుంటాను.

తేదీ రప్పించడం చిన్న పనే. మిన్ ఇచ్చిన అంకె ఎన్నో వరుసలో ఉందో ఎక్సెల్‌లోని మ్యాచ్ ఫార్ములా చెబుతుంది, ఆ వరుసలోని తేదీని ఇండెక్స్ ఫార్ములా తెచ్చిస్తుంది. మ్యాచ్ చివర సున్నా తప్పకుండా పెట్టండి, లేదంటే తప్పు వరుస చూపించొచ్చు. పైథాన్‌లో పట్టికల లెక్కలకు ఉండే పాండాస్ వాడేవాళ్లయితే తేదీని ఇండెక్స్‌గా, అంటే వరుస గుర్తుగా పెట్టుకుని ఐడీఎక్స్‌మిన్ వేస్తే నేరుగా తేదీయే వస్తుంది.

వచ్చిన తేదీని నమ్మే ముందు మాత్రం షీటును ఒకసారి తడిమి చూడాలి. రీడింగ్ లేని రోజున కొందరు గడి ఖాళీగా వదలరు, సున్నా కొడతారు. ఖాళీ గడిని మిన్ పట్టించుకోదు, సున్నాను మాత్రం నిజమైన మట్టంగానే తీసుకుంటుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం, అంటే మామూలుగా అంతకన్నా కిందికి నీళ్లు తీయని మట్టం, 510. కరువు వస్తే తాగునీటికి 510 కిందికి కూడా తోడాల్సి వస్తుంది కాబట్టి దాన్నే హద్దుగా పెట్టి అంతకన్నా తక్కువ రీడింగులను తప్పులని తీసేయకండి. 531.2 కొట్టబోయి 513.2 కొట్టినవి ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి సరిగ్గానే ఉంటాయి. పక్కన ఒక కాలమ్ పెట్టి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తీయండి. ఒక్క రాత్రిలో సాగర్ 18 అడుగులు దిగి మర్నాడు మళ్లీ 18 ఎక్కదు కదా.

ఇక అసలు చిక్కు ఏడాదిని ఎక్కడ విడదీయాలన్నది. నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుందని చాలామంది అక్కడే కోస్తారు. నీళ్ల పంపకాల లెక్కకు అది సరే. కానీ యాసంగి అయ్యాక దిగుతూ వచ్చిన మట్టం, పైనుంచి వరద అందేదాకా, అంటే చాలా ఏళ్లలో జూలై, ఆగస్టు దాకా అడుగునే ఉంటుంది. జూన్ 1న కోస్తే ఒకే ఎండాకాలం రెండు ముక్కలై, మే 31 ఒక ఏడాది కనిష్ఠంగా, జూలైలో ఏదో రోజు తర్వాతి ఏడాది కనిష్ఠంగా వచ్చేస్తాయి. కనిష్ఠం కావాలంటే డ్యామ్ నిండుగా ఉండే కాలంలో కోయాలి. నేను అక్టోబర్ 1 పెట్టుకుంటాను.

అదే కనిష్ఠం వరుసగా నాలుగైదు రోజులు నిలిచిందనుకోండి, మ్యాచ్ అయినా ఐడీఎక్స్‌మిన్ అయినా మొదటి తేదీనే ఇస్తాయి. రైతుకు కావాల్సింది చివరి తేదీ, నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలయ్యేది ఆ తర్వాతే. కొత్త ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ ఫార్ములాను కిందినుంచి వెతకమంటే అది దొరుకుతుంది.

ఇదే పద్ధతిని మునుగోడు, దేవరకొండ వైపు భూగర్భజలాల షీట్లకు వాడేటప్పుడు కాలమ్ పేరు చూసుకోండి. అక్కడ రాసేది నేల నుంచి నీటికి ఎన్ని మీటర్ల లోతన్నది. నీళ్లు బాగా అడుగంటిన రోజు కావాలంటే మిన్ కాదు, మ్యాక్స్ వేయాలి.