పాత జీపోళ్ల మాట విను, కొత్త బండి మాత్రం నువ్వే నడిపి చూడు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. "పెద్దబాపూ, మహీంద్రా థార్ బుక్ చేద్దామనుకుంటే ఆఫీసులో ఇద్దరు సీనియర్లు అసలు అది జీపే కాదంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది కూర్చొని రాస్తున్నా. ముప్పై ఏళ్లకు పైగా ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దారుల్లో జీపు నడిపి ఇల్లు నిలబెట్టినవాణ్ని. మన షెడ్డులో ఉన్న పాత మహీంద్రా జీపు ఎంఎం 540ని ఇప్పటికీ ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి, ఊరి చివరిదాకా తిప్పుకొస్తాను. ఆ సీనియర్ల బాధ నాకు తెలుసు. వాళ్లు ఎక్కడ పొరబడుతున్నారో కూడా తెలుసు.

ముందు వాళ్ల కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. జీపు 1941లో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి. 1947 నుంచి మహీంద్రా వాళ్లు ఆ విల్లీస్ కంపెనీ జీపులను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇంజన్లు మారాయి, పేర్లు మారాయి. ఎనభైలలో వచ్చిన మా 540లో ప్యూజో డీజిల్ ఇంజన్, 62 గుర్రాల బలం. 2010లో థార్ అని కొత్త పేరు పెట్టినా బండి రూపు మాత్రం మారలేదు. తాత నడిపిన జీపు నుంచి దిగి మనవడి థార్ ఎక్కినా కళ్ల ముందు అదే బానెట్, అవే బయటికి పొడుచుకొచ్చిన మడ్‌గార్డులు. అరవై ఏళ్లకు పైగా ఒకే ముఖం చూసినవాళ్లకు 2020లో వచ్చిన కొత్త థార్ పరాయి మనిషిలా కనబడింది. ఆ ఏడాది ఆగస్టు 15న చూపించారు, అక్టోబర్ 2న అమ్మకానికి పెట్టారు. చూడగానే నాకూ మనసు చివుక్కుమంది.

మన వైపు జీపంటే షోకు బండి కాదు బిడ్డా. పోలింగ్ డ్యూటీలకు మా జీపులు కిరాయికి పెట్టుకునేవాళ్లు. వెనక ఎదురెదురు సీట్లలో సిబ్బంది కూర్చునేవాళ్లు, వాళ్ల కాళ్ల మధ్య బ్యాలెట్ పెట్టెలు. ఒకసారి తిరిగొచ్చేసరికి చీకటి పడింది, వాగు పెరిగింది. అప్పట్లో ఫోర్ వీల్ వేయాలంటే, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ పోవాలంటే, ముందు చక్రం ఒక్కోదాని నడిమధ్యనున్న హబ్బును చేత్తో తిప్పి లాక్ చేయాలి. నేను ఒడ్డునే ఆ పని చేసుకోవాల్సింది, మరిచిపోయి నీళ్లలోకి దింపాను. మధ్యలో వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. మోకాలి లోతు నీళ్లలో దిగి, తడుముకుంటూ ఆ హబ్బు పట్టుకున్నాను. ఒండ్రు పట్టి తిరగడం లేదు. లుంగీ కొంగు చుట్టి రెండు చేతులతో తిప్పితే టక్కుమని పడింది. రెండోవైపూ అంతే. ఎక్కి కూర్చొని, చిన్న లివర్లు రెండూ లాగి, వేగం తగ్గి బలం పెరిగే లో గేర్‌లో పెట్టి వదిలితే బండి ఎద్దులా గునుస్తూ అవతలి ఒడ్డెక్కింది. పెట్టెలకు చుక్క నీరు తగల్లేదు. ఆ బండిని అలా మన చేతులతో బతిమాలి, దాని ఒళ్లు తెలుసుకొని నడిపాం. పాతవాళ్లు "ఇది జీపు కాదు" అన్నప్పుడు ఇలాంటి రాత్రులు గుర్తొస్తాయి వాళ్లకు. అందుకే వాళ్లతో వాదించకు. టీ తాగించి అడుగు, మంచి విషయాలు చెప్తారు.

కానీ వాళ్లు చెప్పేవాటిలో నీకు పనికొచ్చేవి ఏవో, కానివి ఏవో విడదీసుకోవాలి.

ముఖం అమెరికా జీప్ కంపెనీ వాళ్ల రాంగ్లర్ బండిలా ఉందంటారు. ఉంది. చాలామంది ముందు జాలీ మార్పించుకున్నారు కూడా. దానిమీద ఇంతకంటే మాట్లాడటం దండగ.

వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు, తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారని ఇంకో బాధ. ఇందులో నిజం ఉంది. కమాన్ పట్టీ విరిగితే పాత పట్టీ ఒకటి తెచ్చి, దారిపక్క షెడ్డులో రెండు గంటల్లో వేయించుకొని బయలుదేరేవాళ్లం. వెనక పది బస్తాలు వేసినా గుంజుకుపోయేది. అలా కిరాయిలు కొట్టేవాడికి కొత్త బండి పనికిరాదు. నువ్వు కిరాయిలు కొట్టవు. ఆ కమాన్ల మీద ముప్పై ఏళ్లు ఎగిరెగిరి నా నడుములో రెండు పూసలు అరిగాయి. పొద్దున లేవాలంటే మంచం పట్టె పట్టుకొని లేస్తాను, మీ పెద్దమ్మను అడుగు. నీకు ఆ గతి వద్దు.

ఎదురెదురు సీట్లు పోయాయని బాధపడేవాళ్ల మాట మాత్రం అసలు వినకు. కబుర్లకు బాగుండేవి, నిజమే. బండి బోల్తా పడ్డప్పుడు ఆ సీట్లలోని మనుషులు ఎలా చెల్లాచెదురవుతారో రోడ్డు మీద నా కళ్లతో చూశాను. 2010 థార్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు. కొత్తదాన్ని 2020 నవంబర్‌లో బండ్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్దించి చూసి పెద్దలకూ పిల్లలకూ 4 స్టార్లు ఇచ్చారు. మీ బాపును, అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని తిరిగేదానివి. నాకు ఇదొక్కటి చాలు.

కంప్యూటర్లు ఎక్కువయ్యాయన్న మాట మాత్రం తీసిపారేయకు. మా 540 అడవిలో ఆగిపోతే పానా, బట్టముక్క, డీజిల్ పైపు ఊదడానికి నోరు ఉంటే చాలు. ఇప్పటి బండిలో సెన్సార్ పోతే తాడ్వాయిలో చేయగలిగింది తక్కువ, ట్రక్కు మీద వేసుకొని రావాల్సిందే. కాబట్టి సర్వీసు తేదీ దాటనివ్వకు. అడవిలోకి ఒంటరిగా ఒక్క బండితో పోకు.

ఇంగ్లండ్‌లో డిఫెండర్ అని ఒక పాత బండి ఉండేది, మన జీపుకు తమ్ముడి లాంటిది. 2016 జనవరిలో దాన్ని ఆపేసి, 2019లో కొత్తది చూపించారు. దాని ప్రేమికులూ ఇలాగే బాధపడ్డారు. వాళ్ల బాధకు ఇంకా బలమైన కారణం ఉంది. కొత్త డిఫెండర్‌కు కింద విడి చాసిస్సే లేదు, కారులా బాడీయే అన్నీ మోస్తుంది. మన థార్‌కు అలా జరగలేదు. నిచ్చెన లాంటి చాసిస్ అలాగే ఉంది, దాని మీద బాడీ ఉంది. ఫోర్ వీల్ లివర్ చేతికి అందేచోటే ఉంది, లో గేర్ ఉంది. నేను జీపు అనేది వీటిని చూసే. అద్దం బానెట్ మీదికి మడవడం లేదని నాకు దిగులుంది, కానీ వాగు దాటించేది ఆ అద్దం కాదు.

ఇవన్నీ నేను బండి చూసి చెప్తున్నవి కావు, నడిపి చెప్తున్నవి. మనకు తెలిసిన కాంట్రాక్టర్ కొడుకు డీజిల్ థార్ తెచ్చి, నడపమని ఇచ్చాడు. మన పొలానికి పోయే బండ్ల బాటలోనే దింపాను. వాగు ఒడ్డున ఏటవాలుగా ఎక్కేచోట ముందు చక్రం ఒకటి గాలిలోకి లేచింది, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రమూ పట్టు వదిలింది. 540 అయితే ఆ పట్టులేని చక్రాలే గిర్రున తిరుగుతూ బండి అక్కడే నిలిచేది. ఇక్కడ కింద నుంచి గర్ గర్‌మని చప్పుడు మొదలైంది. ఏదో విరిగిందనుకొని కాలు తీశాను. అది విరగడం కాదు, ఊరికే తిరిగే చక్రాన్ని బ్రేకు తనంతట తనే పట్టుకొని, బలాన్ని నేల మీదున్న చక్రానికి పంపిస్తోంది. మళ్లీ కాలు మెల్లగా పెట్టి పట్టుకుంటే బండి నిదానంగా ఎక్కేసింది. నేను దిగి ఆ టైరు జాడ చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ రోజు నుంచి దాన్ని జీపు కాదనే మాట నా నోట రాలేదు.

ఇక నువ్వు చేయాల్సింది.

అన్నిటికంటే ముందు, ఏ థార్ కొంటున్నావో చూసుకో. 2023 జనవరి నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే థార్ కూడా అమ్ముతున్నారు. చూస్తే అదే బండి, ధర తక్కువ. దాంట్లో ఫోర్ వీల్ లేదు, లో గేర్ లేదు. పట్నంలో తిరిగేవాళ్లకు చాలు. మన పొలం దారిలో వానాకాలం అది మనతో పాటే దిగబడుతుంది. షోరూంలో లోపల కూర్చొని ఆ రెండో లివర్ చేత్తో పట్టుకొని చూడు. లివర్ లేకపోతే లేచి వచ్చేయ్.

ఫోర్ వీల్ థార్‌లో డీజిల్‌ది 130 గుర్రాల బలం, పెట్రోల్‌ది 150. నువ్వు వారంలో ఆరు రోజులు హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో, ఒక్క రోజు పొలంలో తిరుగుతావు. డీజిల్ ఆటోమేటిక్ తీసుకో అంటాను. ఆటోమేటిక్ అంటే నాకు మొదట నచ్చలేదు, కానీ లో గేర్‌లో రాళ్లెక్కేటప్పుడు క్లచ్ కాలదు, బండి జారదు. మీ బాపు, అమ్మ, అత్తయ్య అందరూ తరచూ ఎక్కేటట్టయితే 2024లో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్ కూడా చూడు. వెనక ఎక్కడానికి పెద్దవాళ్లు ముందు సీటు వంచి దూరాల్సిన పని లేదు. దాంట్లో ఫోర్ వీల్ డీజిల్‌కే ఇస్తారు, అది గుర్తుంచుకో.

టెస్ట్ డ్రైవ్ అంటే హంటర్ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టించి పంపిస్తారు. దాంతో ఏమీ తెలియదు. అద్దాలు సరిచేసుకొని వెనక్కి తీయి, వెనక ఎంత కనబడుతుందో చూడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కించు. మీ అమ్మను తీసుకుపో, ఆమెను ఎక్కమను, దిగమను. ఆమె చీరలో ఎక్కలేకపోతే ఆ బండి ఇంట్లో ఉండి ఏం లాభం?

బండి వచ్చాక కొత్తలో చేసే తప్పులు రెండున్నాయి. ఫోర్ వీల్ వేసుకొని పొడి తారు రోడ్డు మీద తిరగడం మొదటిది. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద సర్దుకునే వీలు లేక గేర్లలో మెలిక పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటే అదే గుర్తు. బురద వచ్చే ముందు ఫోర్ వీల్ వెయ్యి, రోడ్డెక్కగానే తీసెయ్. లో గేర్ కావాలంటే బండి పూర్తిగా ఆపి మార్చు.

రెండోది నీళ్ల దగ్గర. కంపెనీ 650 మిల్లీమీటర్ల లోతు దాకా పోవచ్చంటుంది, అంటే రెండడుగుల పైచిలుకు. అది నిలకడ నీళ్లకు. వాగు పారుతుంటే మోకాలి లోతు నీరే బండిని పక్కకు నెట్టేస్తుంది. దిగి, కర్ర పట్టుకొని, ముందు నువ్వు నడిచి దాటు. నువ్వు నడవలేని నీళ్లలోకి బండిని దింపకు. మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకు. గాలి పీల్చే దారిలోంచి నీళ్లు ఇంజన్‌లోకి పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తాడు కట్టి లాగించు. బయటికి వచ్చాక నాలుగుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఆరనివ్వు.

రేగడి మట్టికి టైర్ల గాలి తగ్గించాలి. ఇరవై పాయింట్లకు తెస్తే టైరు వెడల్పై పట్టు దొరుకుతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి, లేకపోతే వేగంలో టైరు కొట్టుకుంటుంది. చిన్న గాలి పంపు ఒకటి కొనిపెట్టుకో, లైట్ల కంటే అదే ముందు.

ఇనుప బంపర్ వేయించమని, పెద్ద టైర్లు వేయించమని కూడా చెప్తారు నీకు. బండికి ముందు ఇనుప గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న రూపును మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ప్లాస్టిక్ బంపర్ వెనకాలే ఎయిర్‌బ్యాగ్‌కు కబురు పంపే సెన్సార్లున్నాయి. దాన్ని ముట్టుకోకు. ఏటూరునాగారం అభయారణ్యంలో బాట దిగి కొత్త దారులు చేసే సరదా కూడా వద్దు. అవి జంతువులు నడిచే చోట్లు.

వచ్చే ఆదివారం షోరూం వాళ్లతో మాట్లాడి, బండిని ములుగు దాకా తెచ్చుకునే వీలుందేమో అడుగు. కుదిరితే పొద్దున ఏడింటికల్లా రా. నేను 540 తీస్తాను, ముందు అది నడుపు. హబ్బులు చేత్తో తిప్పి, లో గేర్‌లో వాగు ఒడ్డు ఎక్కు. తర్వాత అదే ఒడ్డును థార్‌లో ఎక్కు. బూట్లు వేసుకో, చెప్పులతో రాకు. తాడు, పలుగు నా దగ్గరున్నాయి. మీ పెద్దమ్మ సకినాలు చేసి పెట్టింది, మీ అమ్మను కూడా వెంట తీసుకురా.

మీ పెద్దబాపు