కల్లు ఆపిన మూడో రోజే ఫిట్స్... అన్నంలో కలిపే మందు ఉందా?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లాలో ఒక పల్లె. నాన్నకు 54 ఏళ్లు. పదిహేనేళ్లుగా రోజూ కల్లు తాగుతాడు, ఈ మధ్య నాలుగైదు సీసాలు దాకా పోయింది. షుగర్‌కు గ్లిమిపిరైడ్ వాడుతున్నాడు. ఊళ్లో దుకాణం మూతపడటంతో కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. రెండో రోజు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు, అన్నం ముట్టలేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడు. మెడికల్ షాపులో అల్ప్రాజోలం 0.5 ఎంజీ ఇచ్చారు. రాత్రికి రెండు వేస్తుంటే వారం నుంచి బాగానే పడుకుంటున్నాడు. మళ్లీ కల్లు జోలికి పోకుండా, ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపే మందు చెప్పండి. అమ్మ కూడా సాయంత్రం ఒక సీసా తాగుతుంది కానీ ఆమెకు అలవాటు లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: అన్నంలో కలిపే మందు సంగతి తర్వాత. ఫిట్స్ వచ్చి వారమైనా డాక్టర్‌కు చూపించినట్టు మీరు రాయలేదు. నాకు ఆందోళన కలిగించేది అదే. ఈ జవాబు చదివిన రోజే ఆయన్ను ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్లండి. నేను ఆయన్ను పరీక్షించలేదు కాబట్టి కింద రాసింది మీ అవగాహన కోసమే, చికిత్స అక్కడి డాక్టర్ నిర్ణయించాలి.

మొదటి అనుమానం షుగర్ మీద. గ్లిమిపిరైడ్, మనిషి అన్నం తిన్నా తినకపోయినా, ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తూనే ఉంటుంది. రెండు రోజులు అన్నం ముట్టని మనిషికి ఆ మాత్ర వేస్తే షుగర్ 70 కంటే కిందికి జారిపోవచ్చు. అప్పుడూ వణుకు, చెమటలే వస్తాయి. ఇంకా పడిపోతే తికమక, ఫిట్స్. కల్లు మానడం వల్ల వచ్చే లక్షణాలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. చూసి తేడా చెప్పడం డాక్టర్‌కైనా కష్టం, గ్లూకోమీటర్‌తో ఒక్క చుక్క రక్తం పరీక్షిస్తే తెలిసిపోతుంది. తిండి సరిగా లేని రోజుల్లో ఆ మాత్ర వేయాలా వద్దా అన్నది ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

రెండోది విత్‌డ్రాయల్, అంటే ఒంటికి అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగినప్పుడు వచ్చే లక్షణాలు. మీరు చెప్పిన వరుస (రెండో రోజు వణుకు, మూడో రోజు ఫిట్స్, లేని పురుగులు కనిపించడం) దానికే ఎక్కువగా సరిపోతోంది. చెట్టు నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లులో ఆల్కహాల్ సుమారు 4–5 శాతం ఉంటుంది, పులిసే కొద్దీ కొంత పెరుగుతుంది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నచోట నీళ్లు, తీపి కోసం శాకరిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజోఫాం (డయాజెపామ్), సీహెచ్ అనే క్లోరల్ హైడ్రేట్ వేస్తారు. మీ నాన్నగారు తాగిన సీసాలో ఏముందో నేను చెప్పలేను. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు, వైన్ షాపులు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇవే లక్షణాలతో జనం వరుసకట్టారు. తాగితే ప్రమాదం ఉందని అందరికీ తెలుసు: 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. ఒక్కసారిగా ఆపినా ప్రాణం మీదికి వస్తుందని మాత్రం చాలా ఇళ్లలో తెలియదు.

ఆల్కహాల్ అయినా, అల్ప్రాజోలం అయినా మెదడు వేగానికి బ్రేక్ వేస్తాయి. ఏళ్ల తరబడి ఆ బ్రేక్ మీదే నడిచిన మెదడు తన సొంత బ్రేక్‌ను తగ్గించుకుంటుంది. బయటి నుంచి వచ్చేది ఆగిపోగానే అదుపు తప్పుతుంది. అల్ప్రాజోలం ఒంట్లో త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లోనే లక్షణాలు మొదలవుతాయి. డైజోఫాం నెమ్మదిగా పోతుంది, వారం దాటాక కూడా రావచ్చు. మొదటి మూడు రోజులు బాగున్నాడు కదా అని ధైర్యపడకూడదు.

ఇక మాత్రల విషయం. కోపగించుకోకండి, ఇది గట్టిగానే చెప్పాలి. మీ నాన్నగారు మానలేదు. కల్లులో వచ్చిందని అనుమానిస్తున్న మందే ఇప్పుడు స్ట్రిప్‌లో వస్తోంది. అందుకే నిద్రపడుతోంది. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు: డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. షాపులో అడగ్గానే ఇచ్చారంటే తప్పు వాళ్లదే, కానీ నష్టం మీ ఇంటికి. ఇంకో నెల ఇలాగే నడిస్తే రెండు మాత్రలు చాలక మూడు కావాల్సి రావచ్చు. ఆ మాత్రల మీద కల్లో, సారాయో తాగితే ఊపిరే మందగించవచ్చు.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మాత్రలు ఆపేయకండి. మళ్లీ ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూసేదాకా అదే మోతాదు, పెంచొద్దు, తగ్గించొద్దు. మనిషి మగతగా ఉన్నా, తాగి ఉన్నా మాత్ర వేయకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన స్ట్రిప్, గ్లిమిపిరైడ్ రెండూ ఆసుపత్రికి పట్టుకెళ్లండి. కల్లు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పండి. సిగ్గుపడి సగం చెబితే మందు మోతాదు తప్పుతుంది.

అక్కడ సాధారణంగా షుగర్, సోడియం, పొటాషియం, లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. మొదటిసారి ఫిట్స్ కాబట్టి, పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి కాబట్టి సీటీ స్కాన్ అడగవచ్చు. గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మంచిది. రోజూ తాగేవాళ్లలో అది తగ్గిపోయి ఉంటుంది, లోపం ముదిరితే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది. తర్వాత ఎక్కువసేపు పనిచేసే డైజోఫాం లాంటి మందుకు మార్చి, చాలాసార్లు వారం రెండు వారాలకోసారి 5–10 శాతం చొప్పున తగ్గిస్తూ పోతారు. నెలలు పడుతుంది. లివర్ బాగోకపోతే మందు మారుతుంది. ఇది ఇంట్లో మాత్రలు విరుచుకుని చేసే లెక్క కాదు.

మీరు అడిగిన మందు బహుశా డైసల్ఫిరామ్. వేసుకున్నాక మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. మానేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తెలియకుండా కలిపి పెడితే, తెలియకుండానే తాగి కుప్పకూలతాడు. గుండె జబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. రోగి ఒప్పుకోకుండా ఏ డాక్టరూ ఇవ్వకూడదు. పైగా అల్ప్రాజోలం మీద ఆధారపడటానికి అది అసలు మందే కాదు.

ఈలోగా మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవులు పెట్టొద్దు. నీళ్లు తాగించొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెనక ఒకటి వచ్చినా, తెలివి రాకపోయినా ఆలస్యం చేయకుండా 108.

మీ అమ్మగారి గురించి ఒక మాట. రోజూ ఒక సీసా అంటున్నారు, అలవాటు లేదంటున్నారు. ఎంత తాగుతున్నారన్నది ఒక్కటే కొలత కాదు. సాయంత్రమయ్యేసరికి మనసు అటే లాగడం, అనుకున్నదానికంటే ఎక్కువ తాగడం, తాగని రోజు నిద్ర లేకపోవడమో చేతులు వణకడమో, మునుపటి మత్తుకు ఇంకొంచెం కావాల్సి రావడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం వంటి వాటిలో ఏడాదిలో మూడు కలిసి ఉంటే దాన్ని ఆధారపడటం అంటాం. దుకాణం మూతపడ్డ ఆ మూడు రోజులూ ఆమె ఎలా ఉన్నారో గుర్తుచేసుకుని, నాన్నగారితో పాటు ఆమెనూ డాక్టర్‌కు చూపించండి. సైకియాట్రిస్ట్ దగ్గర్లో లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు, డీఅడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించడం) కోసం 14446కు ఫోన్ చేయొచ్చు. రెండూ ఉచితమే. ఫిట్స్‌కు మాత్రం ఫోన్ సలహా సరిపోదు, మనిషిని తీసుకెళ్లాల్సిందే.