సోనీ వాయో ల్యాప్‌టాప్ ఇప్పటికీ సోనీదేనా? సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా?

కాదు. 2014 జూలై నుంచి సోనీది కాదు. ఈ మాట షాపువాళ్లతో ఒప్పించడమే కష్టం.

ఆమధ్య మా బావమరిదితో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఓ పాత ల్యాప్‌టాప్‌ల షాపుకి వెళ్లాను. కరీనా కపూర్ యాడ్ చూసిన రోజుల్లో పట్టుకున్న వాయో పిచ్చి వాడికింకా వదల్లేదు. షాపతను నల్లటిదొకటి తీసి, మూత గుడ్డతో తుడిచి, "ఒరిజినల్ సోనీ సార్, జపాన్ పీసు" అన్నాడు. మావాడు అప్పటికే జేబులోంచి ఫోన్ తీశాడు. నేను తెరిచి చూస్తే స్క్రీన్ చుట్టూ ఎక్కడా సోనీ అన్న పేరే లేదు. తిరగేసి అడుగున చూపించాను: వాయో కార్పొరేషన్. "రెండూ ఒకటే సార్" అన్నాడు ఏమాత్రం తొణక్కుండా. కాకపోతే రేటు మాత్రం తగ్గించాడు.

ఒకటెలా అవుతాయి? 1996లో వాయో మొదలెట్టింది సోనీయే. 2014 ఫిబ్రవరికి పీసీల్లో నష్టాలు భరించలేక, జపాన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. తన దగ్గర 5 శాతం వాటా ఉంచుకుంది. నాగనో ప్రాంతంలోని అజుమినో ఫ్యాక్టరీలో దాదాపు 240 మందితో కొత్త కంపెనీ నిలబడింది. ఐబో కుక్క రోబోలు తయారైంది కూడా అక్కడే. లోగో మారలేదు కాబట్టి జనం ఇంకా సోనీ అనే అనుకుంటున్నారు. 2025 జనవరిలో మళ్లీ చేతులు మారింది. ఎలక్ట్రానిక్స్ షోరూములు నడిపే నోజిమా సుమారు 93 శాతం వాటా కొనేసింది. మన బజాజ్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ల్యాప్‌టాప్ కంపెనీ కొన్నట్టన్నమాట!

యూట్యూబ్ రివ్యూలవాళ్లు ప్రాసెసర్ గురించి గంట ఊదరగొడతారు గానీ, కంపెనీ ఎవరిదో ఒక్కడూ చెప్పడు. తోషిబా సంగతీ అంతే. దాని ల్యాప్‌టాప్ వ్యాపారంలో 80.1 శాతం 2018లో షార్ప్‌కి పోయింది, మిగిలింది 2020లో. పేరు డైనాబుక్ అయింది. ఆ షార్ప్ తైవాన్ ఫాక్స్‌కాన్ చేతిలో ఉంది. తమాషా ఏమిటంటే, వాయోని కొన్న ఆ పెట్టుబడి సంస్థ నాయకత్వంలోనే 2023లో తోషిబా మొత్తం అమ్ముడుపోయింది.

నన్నడిగితే సోనీ వదిలించుకోవడమే వాయోకి మంచిదైంది. అడ్డమైన మోడళ్లన్నీ మానేసి, ఎక్కువగా ఆఫీసులకి పనికొచ్చే తేలికపాటివి చేసుకుంటున్నారు.

ఇక కొనే విషయం. స్క్రీన్ దగ్గర సోనీ అని ఉంటే అది 2014 నాటిదో అంతకుముందుదో. విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరులో ఆగిపోయింది. 2021లో మన దేశంలో అమ్మినవి హాంకాంగ్ కంపెనీ నెక్స్ట్‌గో లైసెన్సు మీద తెచ్చినవి, వాటిని అజుమినో సరుకుతో కలపకండి. ఏదైనా సరే, బ్యాటరీ, చార్జర్ ఇప్పుడు దొరుకుతున్నాయో లేదో కనుక్కున్నాకే బేరమాడండి. సోనీ పేరు చెప్పి ఎక్కువ అడిగితే మాత్రం పైసా ఇవ్వకండి.