వారంటీ తీరిన కారు ఎవరి చేతికి?

ప్రశ్న: మా కారు కొని నాలుగేళ్లు కావస్తోంది. వారంటీ ఈమధ్యే ముగిసింది. ఇన్నాళ్లూ డీలరు సర్వీస్ సెంటర్‌లోనే సర్వీసు చేయించాం. ఈసారి అక్కడ ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ అంటూ పెద్ద జాబితా చేతిలో పెట్టారు. బయటి మెకానిక్‌కు ఇద్దామంటే, రేపు ఏదైనా పాడైతే అడిగే దిక్కుండదేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ సందేహానికి మూలం ఆ జాబితాయే కనుక ముందు దాని సంగతి చూద్దాం. కారుతో పాటు ఇచ్చిన యజమాని పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏ పని చేయించాలో పట్టిక ఉంటుంది. జాబితాలోని ఏ పని ఆ పట్టికలో లేదో దాని ఎదురుగా గుర్తు పెట్టుకుని, ‘ఇది ఏ లోపాన్ని సరిచేయడానికి?’ అని సర్వీస్ అడ్వైజర్‌ను అడగండి. లోపమేదీ చెప్పలేకపోతే ఆ పని వద్దనండి. ఇంజిన్ లోపలి మడ్డిని ద్రావకంతో కడిగే ఇంజిన్ ఫ్లష్ చాలా కంపెనీల పట్టికల్లో కనిపించదు. పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు చేర్చే, సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమని చెప్పే బ్రేక్ ఫ్లూయిడ్‌ను మాత్రం చాలామంది మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా నిలవాల్సిన డాట్ 4 రకం ఫ్లూయిడ్, 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీల వరకు నిలిస్తే చాలునని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఘాట్ దిగుతున్నప్పుడు అది మరిగి ఆవిరి పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బ్రేకు మాత్రం పడదు. ఫ్లష్‌కు డబ్బు కట్టి దీన్ని వదిలేసేవారిని చూస్తే నాకు విచారమే కలుగుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, సస్పెన్షన్ బుష్‌ల వంటి పనులను మంచి మెకానిక్ ఎవరైనా చేయగలడు. వారంటీ ముగిశాక వీటికి డీలరు దగ్గరికే వెళ్లాల్సిన అవసరం నాకు కనిపించదు. పైగా సర్వీస్ సెంటర్‌లో మీరు మాట్లాడేది అడ్వైజర్‌తో, కారు కింద దూరేది మరొకరు. వీరిద్దరి మధ్య మీరు చెప్పిన ‘ఎడమవైపు చప్పుడు’ జాబ్ కార్డు మీద ‘జనరల్ చెకప్’గా మారిపోవడం అరుదేమీ కాదు. బయట ఆ చప్పుడు విన్న మనిషే దాన్ని వెతుకుతాడు.

అయితే ఆ మనిషిని ఎంచుకోవడంలోనే కష్టమంతా ఉంది. నా పరీక్ష చాలా చిన్నది: కారు ఇవ్వకముందే ‘ఏ ఆయిల్ పోస్తారు?’ అని అడుగుతాను. 0డబ్ల్యూ-20 అనే పలుచని గ్రేడు ఆయిల్ కోరే ఇంజిన్‌కు చిక్కటి 20డబ్ల్యూ-50 పోసినా తేడా లేదనే వారికి, పొగ గొట్టంలో మసిని పట్టే పర్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ కారుకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయాలని తెలియనివారికి నమస్కారం పెట్టి వచ్చేయడమే. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో పనిచేసే సీవీటీ గేర్‌బాక్స్‌కు మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే నష్టం ఇంకా పెద్దది. ‘ముందు పుస్తకం చూపించండి’ అన్న మెకానిక్‌ను మాత్రం వదులుకోకండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లను చూపే స్కానర్ ఆయన దగ్గరుంటే, అది ఇంజిన్ కోడ్లతో ఆగిపోతుందా, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లనూ చదువుతుందా అన్నది కూడా తెలుసుకోండి.

విడిభాగాల విషయంలో ఒక మాట. కార్ల కంపెనీలు చాలా భాగాలను సొంతంగా తయారు చేయవు, సరఫరాదారుల నుంచి కొంటాయి. అదే సరఫరాదారు తన పేరుతో, తన పెట్టెలో అమ్మే ఫిల్టర్ నిక్షేపంగా వాడుకోవచ్చు. కంపెనీ పెట్టెను అనుకరించిన నకిలీతో దాన్ని కలిపేసి, బయట దొరికేదంతా డూప్లికేటే అనడం న్యాయం కాదు.

మీ భయం సంగతి. అడిగే దిక్కు బోర్డును బట్టి రాదు, బిల్లును బట్టి వస్తుంది. తేదీ, కిలోమీటర్లు, వాడిన ఆయిల్ గ్రేడు, మార్చిన భాగాల పేర్లు రాసిన బిల్లు తీసుకోండి, తీసేసిన పాత భాగాలు చూపించమనండి. ఈ రెండింటికీ ఇబ్బంది పడేవారు డీలరైనా, బయటివారైనా ఒకటే.

కొన్ని పనులను మాత్రం నేను డీలరుకే వదులుతాను. భద్రతకు సంబంధించిన రీకాల్ మరమ్మతు సాధారణంగా వారంటీ ముగిసినా ఉచితమే. మీ చాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే మీ కారుకు రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. తాళం కోడింగ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఎయిర్‌బ్యాగ్ మరమ్మతు, హైబ్రిడ్ కారులోని అధిక వోల్టేజీ బ్యాటరీ, ముందు అద్దం మార్చాక దాని వెనకున్న కెమెరాను తిరిగి సరిచేయడం వంటివి తగిన పరికరాలు, శిక్షణ లేకుండా ముట్టుకోదగ్గవి కావు.

ప్రశ్న: నా కారుకు ఇంకా ఏడాది వారంటీ ఉంది. బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందా?
— మరో పాఠకుడు

జవాబు: అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, కేవలం బయట సర్వీసు చేయించారన్న కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించడానికి వీల్లేదు. ఆ పని వల్లే లోపం వచ్చిందని అది చూపించాలి. అన్నిచోట్లా ఇలాంటి చట్టం లేదు కనుక వారంటీ పుస్తకంలోని షరతులను ఒకసారి ఓపికగా చదవండి. నా మట్టుకు నేనైతే ఈ ఒక్క ఏడాదీ పట్టికలోని సర్వీసులు మాత్రమే డీలరు దగ్గర చేయించి, టైర్లు, వైపర్లు బయట కొంటాను. ఒకవేళ మీరు ఇప్పటికే బయట ఆయిల్ మార్పించి ఉంటే, ఆ బిల్లు మీద కిలోమీటర్ల అంకె, ఆయిల్ గ్రేడు ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. లేకపోతే వెళ్లి రాయించుకురండి.