జపాన్‌లో పెట్టెలు ఈడ్చుకుంటూ తిరగకు, ముందే పంపించెయ్

చిన్నా,

నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివా. టోక్యోలో నాలుగు రాత్రులు, హకోనేలో ఒకటి, క్యోటోలో మూడు, ఒసాకాలో రెండు, అక్కణ్ణుంచి కన్సాయ్ ఎయిర్‌పోర్ట్. బావుంది, ఎక్కడా పరుగులు లేవు. కానీ మనుషులు నలుగురు, నాలుగు పెద్ద సూట్‌కేసులు, నాలుగు చిన్న బ్యాగులు, పైగా మీ నాన్నకి మోకాలు నొప్పి, ఇదంతా వేసుకుని ప్రతి ఊరికీ రైల్లో వెళ్తాం అంటున్నావ్ చూడు, అది మాత్రం కుదరదు రా. అక్కడి స్టేషన్లు నీకు తెలీవు. టోక్యోలో ఒక్క షింజుకు స్టేషన్‌కే రెండు వందలకి పైగా దారులున్నాయి, లిఫ్ట్ ఉంటుంది, లేదని కాదు, కానీ నువ్వు ఎటు వెళ్ళాలో దానికి సరిగ్గా అవతలి కొసన ఉంటుంది.

అక్కడి వాళ్ళు ఏం చేస్తారో చెప్తా. పెట్టె హోటల్ కౌంటర్‌లో ఇచ్చేసి, చేతులూపుకుంటూ రైలెక్కుతారు. మర్నాడు అది తర్వాతి ఊళ్ళో హోటల్‌కి చేరిపోయి ఉంటుంది. దాన్ని తక్యుబిన్ అంటారు. 1976 జనవరిలో యమాతో అనే కంపెనీ మొదలుపెట్టింది, మొదటి రోజు వచ్చినవి 11 పార్సిళ్ళేనట, ఇప్పుడు ఆ దేశంలో అది లేకుండా పూట గడవదు. పిల్లని నోట కరుచుకుని పోతున్న నల్ల పిల్లి బొమ్మ ఉంటుంది వాళ్ళ బళ్ళ మీద, ఎక్కడ చూసినా అదే. సగావా అని ఇంకోటి ఉంది, పోస్టాఫీసు వాళ్ళదే యూ-ప్యాక్ అని ఇంకోటి. ఏదైనా పర్లేదు, మీ హోటల్ వాళ్ళు దేనితో పంపిస్తే దాంతోనే పంపు, ఎవరు బెస్ట్ అని రివ్యూలు చదువుతూ కూర్చోకు.

అన్నిటికంటే ముందు నీ బుర్రలో పెట్టుకోవాల్సింది ఒకటే, పెట్టె నీకంటే ఒక రోజు వెనక నడుస్తుంది. ఈ రోజు పొద్దున టోక్యోలో ఇస్తే రేపు క్యోటోలో ఉంటుంది. హొక్కైడో, ఒకినావా లాంటి దూరాలకైతే రెండు మూడు రోజులు కూడా పడుతుంది, మీరు అటు వెళ్ళట్లేదు కాబట్టి ఆ గొడవ లేదు. అంటే ఊరు మారిన ప్రతిసారీ పంపాలనుకుంటే, ప్రతి ఊళ్ళో మొదటి రాత్రి బట్టల్లేకుండా పడుకోవాలి. అందుకే నేనెప్పుడూ చెప్పేది, మధ్యలో ఒక ఊరు ఎగరగొట్టి పంపమని. నీ ప్లాన్‌లో హకోనే దానికోసమే పెట్టినట్టుంది అసలు. అక్టోబర్ 8 పొద్దున టోక్యోలో పెద్ద పెట్టెలన్నీ క్యోటో హోటల్ అడ్రస్‌కి ఇచ్చెయ్, 9న డెలివరీ అని రాయించు. ఒక్క రాత్రికి కావాల్సిన బట్టలు చిన్న బ్యాగుల్లో సర్దుకుని హకోనే పోండి. అక్కడ కొండ రైలు, కేబుల్ కార్, రోప్‌వే, పడవ, ఒకదాని మీంచి ఒకటి మారుతూనే ఉండాలి, సూట్‌కేసుతో వెళ్ళిన వాళ్ళ మొహాలు నేను చూశా, ఏమీ చూడకుండానే తిరిగొస్తారు. మర్నాడు హకోనే పక్కనున్న ఒదవారా స్టేషన్లో షింకన్‌సెన్, అదే బుల్లెట్ రైలు, ఎక్కాలి కదా, వాటిలో అన్నిటికంటే వేగంగా పోయే నొజోమి రైళ్ళు అక్కడ ఆగవు, ఆగే రైళ్ళు కూడా ఎక్కువసేపు ఉండవు. ఆ కాసేపట్లో ఎనిమిది లగేజీలూ మీ నాన్ననీ ఎక్కిస్తావా నువ్వు?

షింకన్‌సెన్ అంటే గుర్తొచ్చింది, టోక్యో నుంచి క్యోటో మీదుగా పోయే ఆ లైన్లో 2020 మే నుంచి ఒక రూల్ ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే దానికి చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, చేసుకోకపోతే 1,000 యెన్‌లు కట్టించుకుంటారు. విమానం వాళ్ళ లిమిట్ మామూలుగా 158 కాబట్టి నీ పెట్టెలు చాలావరకు తప్పించుకుంటాయి, కానీ వాటిని పై అరలోకి ఎత్తేదెవరు?

ఇక కొలతలు. తక్యుబిన్ వాళ్ళూ ఇదే లెక్క, మూడు వైపులూ కలిపి కొలుస్తారు, చక్రాలతో సహా. 60, 80, 100, 120, 140, 160 ఇలా సైజులుంటాయి. దానికి తోడు బరువు కూడా చూస్తారు, యమాతోలో 120 సైజుకి 15 కిలోలు, 140కి 20, 160కి 25. కొలతా బరువూ రెండిట్లో ఏది పెద్ద క్లాసులో పడితే దానికే డబ్బులు. అంటే నీ పెట్టె కొలత 138 ఉన్నా, లోపల 22 కిలోలు కుక్కితే 160 రేటు పడుతుంది. 142 ఉంటే బరువు తక్కువైనా 160లోకే పోతుంది. ఇంట్లోనే టేపు పెట్టి కొలిచి, పెట్టె లోపల మూతకి ఒక కాగితం అంటించుకో, మీ పెదనాన్న అలాగే చేసేవారు, నేను నవ్వేదాన్ని గానీ కౌంటర్ దగ్గర ఆయన పనే ముందైపోయేది.

రేటు దూరాన్ని బట్టి మారుతుంది, టోక్యో నుంచి క్యోటోకి పెద్ద పెట్టె సుమారు 2,000 నుంచి 3,000 యెన్‌ల మధ్య వేసుకో. నాలుగు పెట్టెలంటే పది వేలు దగ్గర పడుతుంది, అందుకే మీ అమ్మకి చెప్పు, నాలుగు వద్దు, రెండు పెద్దవి చాలు నలుగురికి. వినదు, నాకు తెలుసు దాని సంగతి, కానీ నేను చెప్పానని చెప్పు. కొన్ని హోటళ్ళలో దీనికి క్యాష్ మాత్రమే తీసుకుంటారు, చేతిలో నోట్లు ఉంచుకో.

ఇప్పుడు అసలైన పని, ఫారం. ఇక్కడే అందరూ తడబడతారు కాబట్టి కాస్త నెమ్మదిగా చదువు. హోటల్ కౌంటర్‌కి వెళ్ళి తక్యుబిన్ అంటే చాలు, ఒక పొడుగాటి ఫారం ఇస్తారు, పంపేవాళ్ళే డబ్బు కట్టే ఫారమూ తీసుకునేవాళ్ళు కట్టే ఫారమూ వేరువేరుగా ఉంటాయి, నీది మొదటిది. వెళ్ళే హోటల్ పేరు, అడ్రస్, పోస్టల్ కోడ్, ఫోన్ నంబర్ జపనీస్‌లో ఉన్న పేజీ ఫోన్‌లో సేవ్ చేసుకో, కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి చూపిస్తే చాలాచోట్ల వాళ్ళే రాసిపెడతారు. పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. క్యోటోలో రూము ఎవరి పేరు మీద బుక్ అయిందో ఆ పేరే రాయాలి, అన్ని పెట్టెల మీదా. నీ పేరు మీద బుక్ చేసి, మీ అమ్మ పెట్టె కదా అని మీ అమ్మ పేరు రాస్తే అవతల వాళ్ళు వెతుక్కుంటారు, అలాంటి గెస్టే లేరంటారు. పేరు పక్కనే చెక్-ఇన్ తేదీ కూడా రాయించు.

తేదీ సంగతి ఇంకోటి. వాళ్ళు ముందు నెల రాస్తారు, తర్వాత రోజు. అక్టోబర్ 9 అంటే 10/9. నువ్వు మన అలవాటులో 9/10 అని రాశావనుకో, వాళ్ళకది సెప్టెంబర్ 10. టైము కూడా ఎంచుకోవచ్చు, పొద్దున, రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఆరు, ఆరు నుంచి ఎనిమిది, ఏడు నుంచి తొమ్మిది అని గళ్ళుంటాయి. హోటల్‌కైతే పొద్దున పెట్టు, మీరు మధ్యాహ్నం చేరేసరికి పెట్టెలు అక్కడుంటాయి. లోపల ఏమున్నాయి అని అడిగే గడిలో బట్టలు అని రాస్తే సరి. చివర్లో నీకొక కాపీ ఇస్తారు, దాని మీద 12 అంకెల నంబర్ ఉంటుంది, దాంతో ఎక్కడుందో చూసుకోవచ్చు. ఆ కాగితాన్ని, పెట్టెనీ కలిపి ఫోటో తీసుకో. ఆ కాపీ పర్సులో పెట్టుకో, మీ నాన్నకి మాత్రం ఇవ్వకు.

బయల్దేరకముందే క్యోటో హోటల్‌కి ఒక మెయిల్ పెట్టు, మేం రాకముందే లగేజీ వస్తుంది, తీసి పెడతారా అని. దాదాపు అందరూ సరేనంటారు, అయినా అడగడం మర్యాద, చిన్న హోటళ్ళలో చోటుండదు కూడా. హోటల్ కౌంటర్ కుదరకపోతే కన్వీనియన్స్ స్టోర్‌లో ఇవ్వొచ్చు, సెవెన్-ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్ యమాతోవి తీసుకుంటాయి, లాసన్ మాత్రం పోస్టాఫీసు యూ-ప్యాక్ తీసుకుంటుంది, యమాతో ఫారం పట్టుకుని లాసన్ ముందు నిలబడకు.

చిన్న బ్యాగులో ఏం ఉండాలో నువ్వు పెద్దవాడివి, నీకు తెలుసు, అయినా చెప్తా. మీ నాన్న బీపీ మాత్రలు రెండు రోజులకి సరిపడా కాదు, మొత్తం అన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. పాస్‌పోర్ట్ టూరిస్టులు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలని అక్కడ చట్టమే ఉంది, పొరపాటున కూడా పెట్టెలో వెయ్యకు. డబ్బు, కార్డులు, నగలు, ల్యాప్‌టాప్, ఛార్జర్లు, కళ్ళజోడు అన్నీ నీతోనే. యమాతో వాళ్ళ బాధ్యత పెట్టెకి 3,00,000 యెన్‌ల వరకే, అదీ వాళ్ళు తీసుకోకూడని వస్తువులు లేకపోతేనే. పెట్టెలు పోవడం చాలా అరుదు, నిజం చెప్పాలంటే మన విమానాల్లో కంటే వెయ్యి రెట్లు నయం, కానీ తుఫాను వస్తే మాత్రం ఆలస్యం అవుతుంది, అక్టోబర్ మొదట్లో తుఫాన్లు వచ్చే కాలమే. అందుకని ఒక రాత్రికి కాదు, రెండు రాత్రులకి సర్దుకోండి, ఒక జత లోదుస్తులు ఎక్కువుంటే బరువేం పెరగదు.

మరీ మొదటి రోజు ఎయిర్‌పోర్ట్ నుంచే హోటల్‌కి పంపొచ్చు కదా అంటావేమో. పంపొచ్చు, కౌంటర్లు అక్కడే ఉంటాయి, కానీ మామూలుగా చేరేది మర్నాడే, రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన మనిషికి స్నానం చేసి మార్చుకోవడానికి బట్టలుండాలి. ఆ రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి పోయే బస్సు, లిమోజీన్ బస్సు అంటారు, అదెక్కండి, పెట్టెలు కింద అరలో వాళ్ళే పెడతారు.

ఒసాకాలో అపార్ట్‌మెంట్ తీసుకున్నావ్, అది నాకు కాస్త ఇబ్బందిగా ఉంది. అక్కడ కౌంటరుండదు, పెట్టె వచ్చినప్పుడు ఎవరో ఒకరు లోపలుండాలి, లేకపోతే తెచ్చినవాడు జపనీస్‌లో ఒక చీటీ అంటించి వెనక్కి పట్టుకెళ్ళిపోతాడు, మళ్ళీ ఫోన్లు, మళ్ళీ టైములు. కాబట్టి క్యోటో నుంచి ఒసాకాకి వద్దు, నేరుగా కన్సాయ్ ఎయిర్‌పోర్ట్‌కి పంపు. ఎయిర్‌పోర్ట్‌కి పంపేవి ఫ్లైట్‌కి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలి, మీది 14న కాబట్టి 12 దాకా ఆగకు, 11నే ఇచ్చెయ్. దానికి కొంచెం అదనపు ఛార్జీ ఉంటుంది. ఫ్లైట్ తేదీ, టైము, టెర్మినల్ ఫారంలో రాయాలి, ఆ టెర్మినల్లో కౌంటర్ ఎన్ని గంటలకి తెరుస్తారో ముందే చూసుకో, తెల్లవారుజామున ఫ్లైట్ అయితే కౌంటర్ మూసి ఉంటే నీ పెట్టెలు అద్దం అవతల కనిపిస్తూ ఉంటాయి. ఒసాకాలో మీ అమ్మ ఎలాగూ షాపింగ్ చేస్తుంది, మడత పెట్టే ఖాళీ బ్యాగు ఒకటి చేతి సామానులో వేసుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో పెట్టెలు తీసుకున్నాక అక్కడే తెరిచి సర్దుకోవచ్చు. కత్తులు లాంటివి ఏమైనా కొంటే అప్పుడే పెద్ద పెట్టెలోకి మార్చెయ్యి, కొంటుంది, ఆ వంటింటి కత్తులు చూస్తే ఆగదు.

మూడు హోటళ్ళ పేర్లు, తేదీలు, ఫ్లైట్ టైము నాకు పంపు. ఏ పెట్టె ఏ రోజు ఎక్కడ ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి పెడతా, నువ్వు ఫోటో తీసుకుని ఫోన్‌లో ఉంచుకో. మీ నాన్నని మోకాలికి పట్టీ మర్చిపోవద్దన్నానని చెప్పు.

మీ పెద్దమ్మ