పీహెచ్‌డీ లిస్టు ఫైనల్ చేసే ముందు ఇది చదువు తమ్ముడూ

నీ లిస్టు చూశాను. పదిహేను అమెరికా యూనివర్సిటీలు, ర్యాంకు ప్రకారం పైనుంచి కిందికి. అందులో నువ్వు ఎవరితో పనిచేస్తావో ఒక్క పేరూ లేదు. నేనూ అప్పట్లో అచ్చం ఇలాగే చేశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నేను ఒక ప్రొఫెసర్ పేపర్ చదివి మురిసిపోయి ఆయన పేరొక్కటే పట్టుకుని ఎస్ఓపీ (అప్లికేషన్‌తో పంపే, ఏం చెయ్యాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) అంతా రాశాను. ఆ పేపర్ వచ్చి ఎనిమిదేళ్లయింది, ఆయన ఆ టాపిక్ ఎప్పుడో వదిలేశారు, వెబ్‌పేజీలో మాత్రం ఇంకా అదే ఉంది. అమెరికాలో దిగి ఆయన రూమ్‌కి వెళ్తే "అది ఇప్పుడు మా గ్రూప్‌లో ఎవరూ చెయ్యట్లేదు, ఇష్టమైతే నువ్వు చేస్కో" అన్నారు. ఎంత స్వేచ్ఛ ఇచ్చారో అని సంబరపడ్డాను.

దాని సంగతి తర్వాత తెలిసింది. వారం వారం గ్రూప్ మీటింగ్‌లో మిగతా నలుగురి స్లైడ్లకీ ప్రశ్నలే ప్రశ్నలు, నా వంతు వచ్చేసరికి "గుడ్, నెక్స్ట్" అంతే. బోర్డు మీద ఒక మూల నేను సెప్టెంబర్‌లో రాసిన డెరివేషన్ డిసెంబర్ దాకా అలాగే ఉంది, చెరిపే అవసరం కూడా ఎవరికీ రాలేదు. మూడో లైన్లో మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశాను, అది నాలుగు నెలల తర్వాత నేనే పట్టుకున్నా. అదే పని చేసేవాడు పక్కన ఒక్కడున్నా ఆ సాయంత్రమే చెప్పేవాడు. ఒంటరితనం అంటే ఇంటిమీద బెంగ అనుకుంటారు మీ పిల్లలంతా, ఇంటికి ఫోన్ చేస్తే అది కొంత తగ్గుతుంది. చేసే పని గురించి మాట్లాడ్డానికి మనిషి లేకపోతే మాత్రం ఏ ఫోనూ పనికిరాదు.

అయినా నెట్టుకొచ్చాను. మూడో ఏడు పక్క డిపార్ట్‌మెంట్ రీడింగ్ గ్రూప్‌లో పిలవకపోయినా వెళ్లి కూర్చుని, అక్కడే కో-అడ్వైజర్‌ని, అంటే రెండో గైడ్‌ని, సంపాదించుకుని ఆరున్నరేళ్లకి థీసిస్ డిఫెండ్ చేసి పీహెచ్‌డీ పూర్తి చేశాను. మీకు ఇప్పుడన్నీ స్క్రీన్ మీదే దొరుకుతున్నాయి, కాస్త ఓపిగ్గా చూడాలి మరి.

ఒక్కో యూనివర్సిటీకి నువ్వు నిజంగా పనిచెయ్యగలిగే ప్రొఫెసర్లు కనీసం ముగ్గురైనా దొరకాలి. ఒక్కరే ఉంటే ఆయన మారిపోయినా, తీసుకోకపోయినా నీ గతేంటి? గత మూడేళ్ల పేపర్లు తియ్యి, ఆథర్ల పేర్లు చూడు, స్టూడెంట్లు ఒకరితో ఒకరు కలిసి రాస్తున్నారా లేక ప్రతి పేపర్లో ప్రొఫెసరూ ఒక్క స్టూడెంటేనా? నేను ముందుగా చూసేది ఇదే. ఎన్ఎస్ఎఫ్ (రీసెర్చ్‌కి డబ్బులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లోని అవార్డ్ సెర్చ్‌లో ఆయన గ్రాంట్ ఏ టాపిక్ మీదో, ఎప్పుడు అయిపోతుందో కనిపిస్తుంది, ల్యాబ్ ఇప్పుడు ఎటు వెళ్తోందో వెబ్‌పేజీ కంటే అదే బాగా చెప్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్లయితే స్టూడెంట్లకి టైమ్ బాగా ఇస్తారు, కానీ టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ చెయ్యడం) నిర్ణయం మామూలుగా ఆరో ఏడు ప్రాంతంలో వస్తుంది, రాకపోతే వెళ్లిపోతారు, అందుకే ఆ రెండో పేరూ మూడో పేరూ. బయాలజీ వైపు చాలా ప్రోగ్రామ్‌లలో మొదటి ఏడు రొటేషన్లుంటాయి, రెండు మూడు ల్యాబుల్లో కూర్చుని చూశాకే ఎంచుకోవచ్చు, నాలాంటివాడికి అది వరమే.

డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్‌లోనే, జీఆర్ఈ పరీక్ష చాలా చోట్ల తీసేశారు, ఫండింగ్ ఆఫర్‌కి జవాబు చాలా యూనివర్సిటీల్లో ఏప్రిల్ 15 లోపు, ఇవన్నీ వాళ్ల సైట్లలో ఉంటాయి చూస్కో.

అడ్మిట్ వచ్చాక ఆ ల్యాబ్‌లో రెండో ఏడో మూడో ఏడో చదువుతున్న స్టూడెంట్‌కి మెయిల్ పెట్టి ఒక్కటే అడుగు, పోయిన నెల నువ్వు ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లావు అని. వెంటనే ఇద్దరి ముగ్గురి పేర్లు చెప్తే ధైర్యంగా వెళ్లు. "గూగుల్ చేశా" అంటే ర్యాంకు ఎంత పెద్దదైనా ఇంకోసారి ఆలోచించు.

ముందు ఆ పదిహేనింటి పక్కనా మూడేసి పేర్లు రాసి మళ్లీ పంపు. పేర్లు దొరకనివి కొట్టేసెయ్.